తరగతి పరీక్షలో ఏ రకం ప్రశ్నలు, ఏ పాళ్లలో ఉండాలి?

ప్రశ్న

నమస్కారం. నేను ఉన్నత పాఠశాల విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తాను. తరగతికి సుమారు నలభై మంది చొప్పున కొన్ని సెక్షన్లు నా బాధ్యతలో ఉన్నాయి. ప్రతి యూనిట్ ముగియగానే పరీక్ష పెట్టి, జవాబు పత్రాలు దిద్ది, తరువాతి యూనిట్ ఊపందుకునేలోగా వాటిని విద్యార్థుల చేతికి తిరిగి ఇవ్వాలి. ఈ ఒత్తిడి వల్ల కొంతకాలంగా యూనిట్ పరీక్షల ప్రశ్నపత్రం మొత్తం బహుళైచ్ఛిక ప్రశ్నలతోనే తయారవుతోంది. దిద్దడం త్వరగా అయిపోతుంది, మార్కుల మీద వాదన రాదు, పాఠంలోని ప్రతి అంశం నుంచీ ఒక ప్రశ్న అడిగే వీలుంటుంది. ఇవేవీ చిన్న సౌకర్యాలు కావు.

అయితే గమన నియమాల పరీక్షలో దాదాపు అన్ని సమాధానాలూ సరిగ్గా గుర్తించిన విద్యార్థులే, బల్ల మీద కదలకుండా ఉన్న పుస్తకం పటం గీసి దాని మీద పనిచేసే బలాలను వివరించమన్నప్పుడు, భూమి పుస్తకాన్ని కిందికి లాగే బలం చర్య అనీ, బల్ల దానిని పైకి నెట్టే బలం ప్రతిచర్య అనీ ధీమాగా రాస్తున్నారు. ఆ రెండు బలాలూ ఒకే వస్తువు మీద పనిచేస్తున్నాయి కనుక అవి చర్య, ప్రతిచర్యల జంట కావడానికి వీల్లేదన్న సంగతి వారికి తట్టడం లేదు. ప్రతి చర్యకూ సమానమైన, వ్యతిరేక దిశలో ఉండే ప్రతిచర్య ఉంటుందన్న వాక్యం ఎన్నవ నియమమో గుర్తించమంటే మాత్రం ఒక్కరూ తడబడరు.

ఒప్పు–తప్పు, జతపరచడం, ఖాళీలు పూరించడం, లఘు సమాధానం, వ్యాసరూప సమాధానం అని ఇన్ని రకాలు మనకు ఉన్నాయి కదా, వీటిలో దేనితో ఏమి కొలవవచ్చు? నలభై అయిదు నిమిషాల పరీక్షలో వీటిని ఏ పాళ్లలో కలపాలి? వ్యాసరూప ప్రశ్నలు పెంచితే అంతా సర్దుకుంటుందని సహోద్యోగులు కొందరు అంటున్నారు కానీ నాకు అంత నమ్మకం కలగడం లేదు. అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (విజ్ఞానశాస్త్ర ప్రశ్నపత్రాల రూపకల్పనలో పనిచేసే ఉపాధ్యాయిని)

మీ ఉదాహరణలో కనిపిస్తున్న లోపం బహుళైచ్ఛిక రూపానిది కాదని నా అభిప్రాయం. ఎన్నవ నియమమో చెప్పమన్న ప్రశ్న జ్ఞాపకాన్ని మాత్రమే అడుగుతుంది. దానినే "మూడవ గమన నియమాన్ని వివరింపుము" అని అయిదు మార్కుల వ్యాసరూప ప్రశ్నగా మార్చినా, బట్టీ పట్టిన పేరా యథాతథంగా కాగితం మీదికి వస్తుందే తప్ప అవగాహన బయటపడదు. 1956లో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం జ్ఞానం, అవగాహన, వినియోగం, విశ్లేషణ, సంశ్లేషణ, మూల్యాంకనం అని బోధనా లక్ష్యాలను వర్గీకరించిన నాటి నుంచి, కింది మెట్లకు లక్ష్యాత్మక ప్రశ్నలు, పై మెట్లకు వ్యాసాలు అని పంచేసుకునే అలవాటు ఒకటి ఉపాధ్యాయ శిక్షణలో పాతుకుపోయింది. ఆ వర్గీకరణలో అటువంటి నియమం ఏదీ లేదు. ఏ మెట్టును తాకాలో నిర్ణయించేది మీరు పెట్టే పని, సమాధానం రాసే పద్ధతి కాదు.

మీ పుస్తకం సంగతినే బహుళైచ్ఛిక ప్రశ్నగా రాసి చూపుతాను.

బల్ల మీద నిశ్చలంగా ఉన్న పుస్తకాన్ని భూమి కిందికి లాగుతోంది. ఈ బలానికి ప్రతిచర్య ఏది?
అ) బల్ల పుస్తకాన్ని పైకి నెట్టే బలం
ఆ) పుస్తకం బల్లను కిందికి నొక్కే బలం
ఇ) పుస్తకం భూమిని తన వైపు లాగే బలం

సరైన సమాధానం మూడవది. మొదటిది మీ విద్యార్థులు పటంలో రాస్తున్న పొరపాటే. రెండవది ఎంచుకున్న విద్యార్థికి బరువుకూ, బల్ల మీద పడే ఒత్తిడి బలానికీ తేడా తెలియదని అర్థం. నలభై మందిలో పదిహేను మంది మొదటి ఐచ్ఛికం దగ్గర ఆగిపోతే మరునాడు ఏ విషయం మళ్లీ చెప్పాలో మీకు తెలిసిపోతుంది. బహుళైచ్ఛిక ప్రశ్న విలువ సరైన సమాధానంలో కంటే తప్పు ఐచ్ఛికాల్లోనే ఎక్కువగా ఉంటుందని నేను నమ్ముతాను. తప్పు ఐచ్ఛికాలను ఊహించి రాయకండి. ముందు ఏడాది రాతపూర్వక సమాధానాల్లో విద్యార్థులు నిజంగా చేసిన పొరపాట్లను ఏరి పెట్టుకోండి.

నేను మూడే ఐచ్ఛికాలు ఇచ్చానని గమనించి ఉంటారు. నాలుగు ఉండి తీరాలన్నది అలవాటు మాత్రమే. ఎనిమిది దశాబ్దాల పరిశోధనలను క్రోడీకరించి 2005లో మైకేల్ రోడ్రిగెజ్ ప్రచురించిన విశ్లేషణ చాలా సందర్భాల్లో మూడు సరిపోతాయని తేల్చింది. వందకు అయిదుగురు కూడా ఎంచుకోని ఐచ్ఛికం పనిచేయని ఐచ్ఛికమే, నాలుగో స్థానంలో "పైవేవీ కావు" అని నింపేది చాలాసార్లు ఆ కోవకే చెందుతుంది. ఊహించి మార్కులు తెచ్చుకునే అవకాశం మూడింటిలో పెరుగుతుందన్నది వాస్తవమే: పది ప్రశ్నలకు గుడ్డిగా గుర్తిస్తే ఆరు గానీ అంతకు మించి గానీ సరిపోయే సంభావ్యత నాలుగు ఐచ్ఛికాలున్నప్పుడు సుమారు 2 శాతం, మూడున్నప్పుడు 8 శాతానికి కొంచెం తక్కువ. చదవవలసిన పాఠ్యం తగ్గుతుంది కనుక మిగిలిన సమయంలో మరికొన్ని ప్రశ్నలు చేర్చితే ఆ తేడా తగ్గిపోతుంది.

ప్రశ్నలోని వాక్యమే సమాధానాన్ని పట్టిస్తున్నదేమో కూడా చూసుకోవాలి. "ఆకులలో వాయువుల మార్పిడికి తోడ్పడేవి" అని అడిగి పత్రరంధ్రాలు, దారువు, పత్రహరితం, కాండం అని ఇస్తే, పాఠం చదవని విద్యార్థి కూడా బహువచనాన్ని చూసి మొదటిదే గుర్తిస్తాడు. సరైన ఐచ్ఛికం తక్కిన వాటి కంటే పొడవుగా, షరతులతో నిండి ఉండడం మరొక ఆనవాలు. తప్పు రాకూడదన్న జాగ్రత్త మనకు సరైన వాక్యం మీదే ఉంటుంది కదా!

ఒప్పు–తప్పు ప్రశ్నల మీద నాకు పెద్ద గౌరవం లేదు. పదింటిలో ఆరో, అంతకంటే ఎక్కువో నాణెం ఎగరవేసి సాధించే అవకాశం దాదాపు 38 శాతం. ఆ ప్రశ్నలే వాడవలసి వస్తే, తప్పయిన వాక్యాన్ని సరిదిద్ది రాయమని అడగండి. దిద్దే శ్రమ కొద్దిగా పెరుగుతుంది కానీ ప్రశ్నకు ప్రాణం వస్తుంది. జతపరచడం తేదీలు, ప్రమాణాలు, పరికరాలు వంటి ఒకే జాతి అంశాలకు పనికి వస్తుంది. రెండవ వరుసలో ఒకటి రెండు అంశాలు అదనంగా ఉంచితే చివరి జత దానంతట అదే కుదిరిపోకుండా ఉంటుంది.

ఇంకొక్క మాట. తప్పు ఐచ్ఛికాలను చదివిన విద్యార్థి తరువాత వాటినే నిజమని గుర్తుంచుకునే ప్రమాదం ఉందని 2005లో మనస్తత్వ పరిశోధకులు రోడిగర్, మార్ష్ చూపారు. పరీక్ష అయిన వెంటనే సరైన సమాధానాలు తెలియజేస్తే ఆ నష్టం బాగా తగ్గుతుంది. కాబట్టి "కీ"ని వారం తరువాత కాక అదే రోజు ఇవ్వండి.

సమాధానం 2 (గణిత ఉపాధ్యాయుడు)

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, రూపానికి ప్రాధాన్యమే లేదన్నట్టు వినిపించే మాటను ఒప్పుకోలేను. గణితంలో ఐచ్ఛికాలు ఇవ్వడమే కొన్నిసార్లు ప్రశ్నను మార్చేస్తుంది. x² − 5x + 6 = 0 సమీకరణానికి మూలాలు కనుక్కోమని అడిగి నాలుగు జంటలు ఇస్తే, కారణాంక విభజన తెలియని విద్యార్థి కూడా ఒక్కొక్క జంటనూ ప్రతిక్షేపించి 2, 3 దగ్గర ఆగుతాడు. మనం సాధించడాన్ని పరీక్షించాలనుకున్నాం, అతడు సరిచూడడాన్ని చేసి చూపాడు. రెండూ అవసరమైన నైపుణ్యాలే కానీ ఒకటి కాదు. ఇటువంటి చోట ఐచ్ఛికాలు తీసివేసి సంఖ్యను మాత్రమే రాయించే ప్రశ్న మేలు. దిద్దడం బహుళైచ్ఛికమంత తేలికే, ఊహకు తావు దాదాపు ఉండదు, కంప్యూటర్ మీద పెట్టే పరీక్షలో యంత్రమే దిద్దుతుంది.

అయితే సంఖ్యను మాత్రమే చూస్తే, పద్ధతి అంతా సరిగ్గా చేసి చివరి కూడికలో జారిన విద్యార్థికీ, మొదటి అడుగే వేయలేని విద్యార్థికీ ఒకటే సున్నా వస్తుంది. అందుకే నేను ప్రతి పరీక్షలోనూ కనీసం రెండు లెక్కలకు అంచెలవారీగా మార్కులు కేటాయిస్తాను. భౌతికశాస్త్రంలో సూత్రం ఎంపిక, ప్రమాణాల మార్పిడి, గణన, ఫలితం అన్న నాలుగు అంచెలు దాదాపు ప్రతి సమస్యకూ సరిపోతాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పుస్తకం ప్రశ్నను ఉన్నది ఉన్నట్టుగా వాడుకుంటాను. రాతపూర్వక సమాధానాల విషయంలో నా భయం వేరు. ఒకే సమాధానానికి నేను వేసే మార్కులకూ, పక్క సెక్షన్ ఉపాధ్యాయుడు వేసే మార్కులకూ పొంతన ఉండదు. తల్లిదండ్రులు రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని అడిగితే చెప్పుకోవడం కష్టం. అలాగే బహుళైచ్ఛిక ప్రశ్నలకు రుణాత్మక మార్కులు పెట్టాలా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాను.

సమాధానం 3 (భాషోపాధ్యాయిని, బోర్డు పరీక్షల మూల్యాంకనంలో అనుభవం)

మీ భయం కొత్తది కాదు, బహుళైచ్ఛిక ప్రశ్న పుట్టుకకు ఒక కారణం కూడా అదే. అమెరికాలో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఇలియట్ 1912, 1913 సంవత్సరాలలో ఒకే జవాబు పత్రం ప్రతులను వందకు పైగా ఉపాధ్యాయులకు పంపి దిద్దించినప్పుడు, జ్యామితి పత్రానికి సైతం నూటికి 30 లోపు నుంచి 90 పైబడి వరకు మార్కులు పడ్డాయి. సరిగ్గా ఆ కాలంలోనే, 1914–15 ప్రాంతంలో, కాన్సస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ తన మౌనపఠన పరీక్షలో సమాధానాలను ముందే అచ్చువేసి వాటిలో ఒకదాని చుట్టూ గీత గీయించే పద్ధతి ప్రవేశపెట్టారు. 1917లో మొదటి ప్రపంచ యుద్ధం కోసం సైనికులను వడపోసిన ఆర్మీ ఆల్ఫా పరీక్షతో ఆ పద్ధతి లక్షల మందికి చేరింది. 1930ల చివరికి పెన్సిలు గుర్తులను చదివే యంత్రాలు కూడా రావడంతో, దిద్దేవారి అభిప్రాయభేదం సమస్య పరిష్కారమైపోయినట్టే అందరూ భావించారు. కానీ రాయించడం వల్ల మాత్రమే తెలిసే విషయాలు ఆ పత్రాల నుంచి జారిపోయాయి. మీరిప్పుడు ఎదుర్కొంటున్నది ఆ చరిత్ర మిగిల్చిన ఇబ్బందే.

దిద్దడంలో పొంతన తేవడానికి పనికివచ్చే పద్ధతులు ఉన్నాయి. ప్రశ్న రాసిన రోజునే నమూనా సమాధానం, మార్కుల విభజన రాసి పెట్టుకోవాలి. నమూనా రాస్తున్నప్పుడే చాలా ప్రశ్నల్లోని అస్పష్టత మనకు తెలుస్తుంది. పుస్తకం ప్రశ్ననే తీసుకుంటే: రెండు బలాలనూ సరైన దిశల్లో గీసినందుకు 1 మార్కు, ఏ బలం ఏ వస్తువు మీద పనిచేస్తోందో పేర్కొన్నందుకు 1, ఆ రెండూ ఎందుకు జంట కావో కారణం చెప్పినందుకు 2. దిద్దేటప్పుడు ఒక విద్యార్థి పత్రం మొత్తం పూర్తిచేసి మరొకటి అందుకోవద్దు. నలభై మంది మొదటి ప్రశ్ననూ వరుసగా దిద్ది, కట్టను కలిపి పేర్చి, ఆపైన రెండవ ప్రశ్నకు వెళ్లండి. పేర్లు కనబడకుండా మడిచి పెడితే మరీ మంచిది, ఎందుకంటే తెలివైనవాడన్న పేరున్న విద్యార్థి రాసిన అరకొర వాక్యాన్ని మన మనసే పూర్తిచేసి చదువుకుంటుంది. పక్క సెక్షన్ ఉపాధ్యాయుడూ మీరూ కలిసి ఓ అయిదారు పత్రాలను విడివిడిగా దిద్ది, తేడా వచ్చిన చోట మాట్లాడుకున్న తరువాతే మిగతావి మొదలుపెట్టండి. అప్పుడు తల్లిదండ్రులకు చూపడానికి మీ ఇద్దరి దగ్గరా ఒకే మార్కుల విభజన ఉంటుంది.

వ్యాసరూప ప్రశ్నలు పెంచితే చాలునన్న మీ సహోద్యోగుల వాదనకు నాకున్న ప్రధాన అభ్యంతరం సమయం. నలభై అయిదు నిమిషాల్లో రెండు వ్యాసాలకు మించి సాధ్యం కాదు, యూనిట్‌లోని పది అంశాల్లో ఆ రెండు మాత్రమే పరీక్షకు వస్తాయి. ఏవి వస్తాయో ఊహించి చదివిన విద్యార్థికీ, అన్నీ చదివి ఆ రెండింటిలో తడబడిన విద్యార్థికీ అన్యాయమైన పోలిక అది. "అయిదింటిలో ఏవేని మూడు" అని ఛాయిస్ ఇస్తే కథ మరింత చిక్కుపడుతుంది. ఎంచుకున్న ప్రశ్నలు వేరైనప్పుడు పేరుకు ఒకటే అయినా విద్యార్థులు రాసినవి వేర్వేరు పరీక్షలే. నాలుగైదు వాక్యాల పరిమితి విధించిన లఘు సమాధాన ప్రశ్నలు మీ అవసరానికి సరిగ్గా సరిపోతాయి. "ఎందుకు కాదు?", "ఈ మార్పు చేస్తే ఏమవుతుంది?" వంటి ప్రశ్నలకు అంత చోటు చాలు. వాదనను నిర్మించి, ఆధారాలు సమకూర్చి, ఒక క్రమంలో నడిపించే శక్తిని కొలవాలంటే మాత్రం వ్యాసానికి ప్రత్యామ్నాయం లేదు. భాషలోను, చరిత్రలోను దానిని వదులుకోలేము.

ఖాళీల గురించి ఎవరూ చెప్పలేదు కనుక ఒక సూచన. "నీరు ______ వద్ద మరుగుతుంది" అని ఇస్తే 100 డిగ్రీల సెల్సియస్ అని రాసినవారికీ, మరుగుస్థానం అని రాసినవారికీ మార్కు ఇవ్వక తప్పదు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి ఖాళీ సహజంగా మధ్యలో పడుతుంది. అందుచేత కావలసిన షరతులన్నీ ఖాళీకి ముందే వచ్చేలా చూడాలి: "సాధారణ వాతావరణ పీడనం వద్ద నీటి మరుగుస్థానం సెల్సియస్ మానంలో ______ డిగ్రీలు." ఒక వాక్యంలో రెండు ఖాళీలు దాటితే అది పొడుపుకథ అవుతుంది. భాషాపరీక్షల్లో మేము వాడే క్లోజ్ పద్ధతి వేరు. 1953లో విల్సన్ టేలర్ ప్రతిపాదించిన ఆ పద్ధతిలో, పేరాలోని మాటలను నిర్ణీత వ్యవధిలో, అంటే ప్రతి అయిదవ మాటనో మరొకదానినో తీసివేసి, సందర్భాన్ని బట్టి పూరించమంటారు. అక్కడ కొలిచేది పఠనావగాహనను, పాఠ్యాంశ జ్ఞానాన్ని కాదు.

రుణాత్మక మార్కుల గురించి క్లుప్తంగా చెబుతాను. సంప్రదాయ సూత్రం ప్రకారం సరైన సమాధానాల సంఖ్య నుంచి, తప్పు సమాధానాల సంఖ్యను ఐచ్ఛికాల సంఖ్య కంటే ఒకటి తక్కువతో భాగించి తీసివేస్తారు. నాలుగు ఐచ్ఛికాల పరీక్షలో 21 సరైనవి, 6 తప్పులు ఉంటే 19 మార్కులు వస్తాయి. పోటీ పరీక్షల్లో దానికి ఒక ప్రయోజనం ఉండవచ్చు. తరగతి పరీక్షలో మాత్రం అది జ్ఞానంతో పాటు తెగువను కూడా కొలుస్తుంది, సగం తెలిసి సందేహించే విద్యార్థి వదిలేస్తాడు, ఏమీ తెలియక సాహసించే విద్యార్థి గుర్తిస్తాడు. అమెరికాలో కళాశాల ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష కూడా 2016 నుంచి ఆ కోతను తీసివేసింది. మీరు పెట్టవద్దనే చెబుతాను.

సమాధానం 1 రాసిన ఉపాధ్యాయిని

పాళ్ల గురించి మీరు అడిగినది మిగిలిపోయింది. ముందుగా భారత్వ పట్టిక వేసుకోండి: ఎడమవైపు యూనిట్‌లోని అంశాలు, పైన స్మరణ, అవగాహన, వినియోగం. ఒక్కొక్క గడిలో ఎన్ని మార్కులు పడాలో నిర్ణయించిన తరువాతే ఆ గడికి ఏ రకం ప్రశ్న నప్పుతుందో ఆలోచించాలి. చాలామంది ఇది తలకిందులుగా చేస్తారు, పది బహుళైచ్ఛికాలు, అయిదు ఖాళీలు అని మొదట రాసుకుని వాటిలోకి పాఠాన్ని కూరుతారు. మీ నలభై అయిదు నిమిషాలకు నేనైతే ఒక్కొక్కటి నిమిషంలోపు పూర్తయ్యే పన్నెండు బహుళైచ్ఛిక ప్రశ్నలు, సంఖ్యను రాయించే ప్రశ్నలు మూడు, నాలుగు వాక్యాల వివరణ కోరే లఘు ప్రశ్నలు మూడు, అంచెలవారీ మార్కులున్న ఒక సమస్య పెడతాను. వ్యాసరూప ప్రశ్నను టర్మ్ పరీక్షకు వాయిదా వేస్తాను. నలభై పత్రాల్లో మూడేసి లఘు ప్రశ్నలంటే నూట ఇరవై చిన్న సమాధానాలు, మార్కుల విభజన సిద్ధంగా ఉంటే రెండు సాయంత్రాల పని.

దిద్దిన తరువాత పత్రాలను వెంటనే పంచేయకుండా బహుళైచ్ఛిక ప్రశ్నలకు ఒక చిన్న లెక్క వేయండి. మొత్తం మార్కుల క్రమంలో పత్రాలను పేర్చి, పైనుంచి 27 శాతం, కిందనుంచి 27 శాతం తీసుకోండి. నలభై మందిలో అది పదకొండేసి పత్రాలు. ఒక ప్రశ్నకు పై గుంపులో 9 మంది, కింది గుంపులో 4 మంది సరిగ్గా రాస్తే తేడా 5, దానిని 11తో భాగిస్తే విచక్షణా సూచిక, అంటే బాగా చదివినవారినీ చదవనివారినీ ఆ ప్రశ్న ఎంతవరకు వేరుచేస్తోందో చెప్పే సంఖ్య, 0.45. నలభై మందితో చేసే లెక్క కనుక దశాంశాలను మరీ పట్టించుకోవద్దు. 0.40 దాటిన ప్రశ్నను దాచుకోండి, 0.20 లోపు ఉంటే మార్చి రాయండి. అందరూ సరిగ్గా రాసిన తేలిక ప్రశ్నకు కూడా సూచిక సున్నాయే వస్తుంది, యూనిట్‌లోని మౌలికాంశానికి అది లోపం కాదు. సూచిక రుణాత్మకంగా వస్తే, అంటే బాగా చదివినవారే ఎక్కువగా తప్పుగా గుర్తిస్తే, ముందుగా కీలో అచ్చుతప్పు ఉందేమో చూడండి, ఆ తరువాత రెండవ సరైన సమాధానం ఏదైనా ఐచ్ఛికాల్లో దాగి ఉందేమో చూడండి. అటువంటి ప్రశ్నను రద్దుచేసి, అందరి మార్కులూ సరిచేసిన తరువాతే పత్రాలు విద్యార్థుల చేతికి ఇవ్వండి.